అంగన్‌వాడీకి టీవీ వచ్చింది, తల్లిభాష కూడా రావాలి

ఇటీవల ఒక పట్టణంలో, మనవాళ్ళు ఎక్కువగా నివసించే వీధిలోని అంగన్‌వాడీ కేంద్రాన్ని చూడటానికి వెళ్ళాము. గోడకు కొత్త టీవీ బిగించి ఉంది. ఇరవైమంది పిల్లలు చాప మీద కూర్చుని జంతువుల బొమ్మలు చూస్తున్నారు. తెర మీద కుందేలు కనిపించింది. టీవీలోని గొంతు దాని పేరును ఇంగ్లీషులో పలికింది. ముందు వరుసలో కూర్చున్న నాలుగేళ్ళ పాప ఒక్కసారిగా లేచి నిలబడి, సంతోషంతో "ఖర్‌గోష్!" అని అరిచింది. పక్కనున్న పిల్లలు కొందరు నవ్వారు. టీచరమ్మ ఆ మాట విననే లేదు. ఆమె తల వంచుకుని ఫోన్‌లో హాజరు ఎక్కిస్తున్నది. పాప మెల్లగా కూర్చున్నది. మేము అక్కడున్న మిగతా అరగంటలో ఆ పాప మళ్ళీ నోరు విప్పలేదు.

ఆ పాపకు కుందేలు తెలుసు. తనకు తెలిసిన మాటలో సరైన సమాధానమే చెప్పింది. ఆ సమాధానాన్ని వినగలిగే శక్తి టీవీకి లేదు, వినే తీరిక టీచరమ్మకు లేదు. ఇందులో టీచరమ్మను నిందించవలసింది ఏమీ లేదు. పసిపిల్లల చదువులోకి యంత్రాలు రావడాన్ని కూడా మేము తప్పు పట్టడం లేదు. పేదవాడి బిడ్డకు కూడా కొత్త సాధనాలు అందాలన్నది న్యాయమైన కోరిక. కాని ఆ సాధనం ఏ భాషలో మాట్లాడుతుంది, ఎవరి చేతి మీదుగా నడుస్తుంది, రోజుకు ఎంతసేపు నడుస్తుంది, మన బిడ్డల వివరాలను ఎక్కడికి చేరవేస్తుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలకు కొనుగోలుకు ముందే సమాధానం ఉండాలి. దానినే ప్రణాళిక అంటారు. టీవీ కొని గోడకు బిగించడం ప్రణాళిక కాదు. ఆ ప్రణాళికలో ముస్లిం కుటుంబాల మాట కూడా ఉండాలన్నదే ఈ నెల మా విన్నపం.

ఇది చిన్న విషయం కాదు. దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్నాయి. వీటిలో 2 లక్షల కేంద్రాలను 'సక్షమ్ అంగన్‌వాడీ'లుగా మార్చి, ఎల్‌ఈడీ తెరలు, మంచినీటి శుద్ధి యంత్రాలు వంటివి సమకూర్చాలని కేంద్ర ప్రభుత్వం తలపెట్టింది. 2021 మార్చిలో 'పోషణ్ ట్రాకర్' యాప్ వచ్చింది. 2023లో 'పోషణ్ భీ పఢాయీ భీ' పేరుతో అంగన్‌వాడీ టీచర్లకు పూర్వ ప్రాథమిక విద్యలో శిక్షణ మొదలయింది. 2024లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం 'ఆధార్‌శిల' అనే పాఠ్యప్రణాళిక విడుదలయింది. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి, టైలరింగు చేసే అక్క ఉన్న ఇంటి బిడ్డకు ఈ కేంద్రమే మొదటి బడి. ఆ మొదటి బడిలో బిడ్డ మాట తప్పుగా లెక్కకు వస్తే, తర్వాత వచ్చే పన్నెండేళ్ళ చదువు మీద దాని నీడ పడుతుంది.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేసుకోవడం మంచిది. మన పల్లెలకు టీవీ పాఠం కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు, అమెరికా ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకుని, మన అంతరిక్ష సంస్థ ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించింది. 'సైట్' అని పిలిచిన ఆ ప్రయోగంలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయంపూట బడిపిల్లలకు పాఠాలు వచ్చేవి. ఒక్కొక్క భాషకు రోజుకు 22.5 నిమిషాలు మాత్రమే. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ ప్రాంతాలకు వారి వారి భాషల్లోనే కార్యక్రమాలు తయారయ్యాయి. సెట్లు పాడైతే బాగుచేసే ఏర్పాటు కూడా ప్రయోగంలో భాగంగానే ఉంది. అంటే భాష, సమయం, మరమ్మతు అనే మూడు విషయాలను యాభై ఏళ్ళ కిందటే ఆలోచించారు. ఆ నాలుగు భాషల్లో ఉర్దూ లేదన్నది కూడా మనం గమనించాలి. విచిత్రమేమంటే అదే 1975 అక్టోబరు 2న, 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలయింది. నేటి అంగన్‌వాడీలన్నీ దాని సంతానమే. పల్లె టీవీ, అంగన్‌వాడీ రెండూ ఒకే ఏడాది పుట్టాయి. రెండింటికీ యాభై ఏళ్ళు నిండాయి. ఇప్పుడు ఆ రెండూ ఒకే గదిలో కలిశాయి. యాభై ఏళ్ళ కిందటి ఆలోచన మాత్రం ఆ గదిలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

చట్టం ఏమంటున్నదో కూడా చూద్దాం. రాజ్యాంగంలోని 21-ఎ అధికరణం ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా ఇచ్చింది. ఆరేళ్ళలోపు పిల్లల సంగతి 45వ అధికరణంలో, అంటే ఆదేశిక సూత్రాల్లో ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షను మూడేళ్ళు నిండిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అంటుంది, 'చేయాలి' అనదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన అందించాలని చెప్పే 350-ఎ అధికరణం ప్రాథమిక దశ గురించి మాట్లాడుతుంది. ఆ దశకు ముందున్న మూడేళ్ళ గురించి అందులో మాట లేదు. బిడ్డ భాష నిలబడేదీ, తడబడేదీ ఆ మూడేళ్ళలోనే. కోర్టుకు వెళ్ళి అడగగల గట్టి హక్కు ఈ వయసు పిల్లల చేతిలో లేనప్పుడు, ప్రణాళిక దశలోనే మాట్లాడటం తప్ప మనకు వేరే దారి లేదు. టెండరు అయిపోయాక, పాఠాలు యంత్రంలో నింపేశాక ఇచ్చే అర్జీకి విలువ తక్కువ.

కాబట్టి మొదటి ప్రశ్న భాష. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఆ హోదా వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదవ తరగతి వరకు, వీలైన చోటల్లా ఇంటి భాషలోనే బోధన ఉండాలంటున్నది. కాగితం మీద ఇంత ఉన్నప్పుడు, హైదరాబాదు పాతబస్తీలోనో, కడపలోనో, ఆదోనిలోనో ఉన్న కేంద్రంలో తెర మీద ఉర్దూ మాట ఎంత వినిపిస్తున్నదని అడగడం మన బాధ్యత.

అయితే ఈ కోరికను మనం జాగ్రత్తగా అడగాలి. ముస్లింలందరి ఇంటి భాష ఉర్దూ కాదు. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలు అనేకం తరతరాలుగా తెలుగులోనే మాట్లాడుకుంటాయి. ఆ బిడ్డకు తెలుగే తల్లిభాష. పేరు చూసి ఉర్దూ పాఠం ముందు కూర్చోబెట్టడం కూడా అన్యాయమే. ఉర్దూ ఇళ్ళలో సైతం పిల్లలు మాట్లాడేది దక్కనీ. ఉత్తరాది గొంతుతో చదివిన కితాబీ ఉర్దూ మూడేళ్ళ బిడ్డకు సగం పరాయిగానే ఉంటుంది. కాబట్టి మన డిమాండు 'ముస్లింలున్న చోట ఉర్దూ పెట్టండి' అన్న ఒక్క వాక్యంతో సరిపోదు. ప్రతి కేంద్రంలో, ప్రతి బిడ్డ చేరేటప్పుడు, 'ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?' అని తల్లిని అడిగి రాసుకోవాలి. ఎత్తు, బరువు నమోదు చేసే యాప్‌లో ఈ ఒక్క గడి చేర్చడం కష్టమేమీ కాదు. ఆ లెక్క వచ్చిన తర్వాతే ఏ కేంద్రానికి ఏ భాష పాఠాలు పంపాలో తేలుతుంది.

మరో చిన్న విషయం. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడిచే లిపి. తెలుగు, ఇంగ్లీషుల కోసం చేసిన బొమ్మల కథలో మొదటి బొమ్మ ఎడమవైపు ఉంటుంది. దానికి ఉర్దూ గొంతు అతికించి 'ఉర్దూ పాఠం' అని పంపితే, రేపు ఖాయిదా పట్టుకునే బిడ్డకు కన్ను ఒక వైపు, చెవి ఒక వైపు పోతాయి. అనువాదం వేరు, ఆ భాషలోనే తయారుచేయడం వేరు. పాఠం తయారీలో ఉర్దూ తెలిసిన బాలవిద్యా నిపుణులు మొదటి రోజు నుంచీ కూర్చోవాలి.

రెండవ ప్రశ్న, బిడ్డ పక్కన ఎవరున్నారు? మక్తబ్‌లో నూరానీ ఖాయిదా చెప్పించే ప్రతి తల్లిదండ్రులకూ ఇది సులభంగా అర్థమవుతుంది. నేడు ఖాయిదా కూడా యాప్‌లో దొరుకుతున్నది. అక్షరం మీద వేలు పెడితే శుద్ధమైన ఉచ్చారణ వినిపిస్తుంది. అది మంచి సహాయమే. కాని బిడ్డ 'హా' అక్షరాన్ని గొంతులో ఎక్కడ నుంచి పలికాడో విని, మఖ్రజ్ సరిచేసేది ఉస్తాద్ చెవి మాత్రమే. ఖురాన్ పఠనం తరతరాలుగా గురువు నోటి నుంచి శిష్యుని చెవికి, శిష్యుని నోటి నుంచి గురువు చెవికి సాగింది. వినిపించడం సగం, వినడం మిగతా సగం. మొదటి సగాన్ని యంత్రానికి అప్పగించవచ్చు. రెండవ సగాన్ని అప్పగించలేము. ఖర్‌గోష్ అన్న పాపకు ఆ రోజు అందనిది ఆ రెండవ సగమే.

టీచరమ్మ వినాలంటే ఆమె చేతికి తీరిక ఉండాలి. ఆమె చేతిలోని ఫోన్ పిల్లలకు పాఠం చెప్పడానికి రాలేదు, పైవారికి లెక్కలు చెప్పడానికి వచ్చింది. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను తిరిగి అప్పగించి నిరసన తెలిపారు. ఫోన్లు సరిగా పనిచేయడం లేదని, ఇంగ్లీషులో ఉన్న యాప్ తమకు అర్థం కావడం లేదని వారి ఫిర్యాదు. వాడవలసిన వారిని అడగకుండా చేసిన ప్రణాళిక ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అవసరం లేదు. తర్వాత ఆ యాప్‌లో భారతీయ భాషలు చేర్చారు. మొదటే చేర్చి ఉండవలసింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు అంగన్‌వాడీ మహిళలు 42 రోజులు సమ్మె చేశారు. జీతం, గ్రాట్యుటీ వారి ముఖ్యమైన కోరికలు. అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు ఇచ్చింది. లక్షల ఖర్చుతో తెర బిగించి, దాని ముందు నిలబడే మనిషికి గౌరవవేతనంతో సరిపెట్టడం సరైన లెక్క కాదు. ముస్లిం బస్తీల్లో ఖాళీ అయిన పోస్టుల్లో ఉర్దూ తెలిసిన స్థానిక మహిళలను నియమించాలన్న కోరికను మనం టీవీ కోరిక కన్నా ముందు పెట్టాలి. ఒక ఉర్దూ తెలిసిన టీచరమ్మ పది టీవీలతో సమానం.

మూడవ ప్రశ్న సమయం. రెండేళ్ళలోపు బిడ్డకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తంలో గంటకు మించకూడదని, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దేశంలోని పిల్లల వైద్య నిపుణుల సంఘం సలహా కూడా ఇంచుమించు ఇదే. ఆ గంట ఇల్లు, బడి రెండూ కలిపి. కేంద్రంలో ముప్పావు గంట గడిస్తే ఇంటికి మిగిలేది పావుగంట. ఇక్కడ మన ఇళ్ళ సంగతి కూడా మాట్లాడుకోక తప్పదు. అన్నం తినడానికి ఫోన్, ఏడుపు మానడానికి ఫోన్, అమ్మీ వంట చేస్తుంటే ఫోన్. పెళ్ళి దావత్‌లో కూడా పసివాడి చేతిలో ఫోనే. ప్రభుత్వాన్ని అడిగే నోటితో మనల్ని మనం కూడా అడగాలి. మన సముదాయంలోనే నడుస్తున్న ప్లే స్కూళ్ళు కొన్ని 'స్మార్ట్ క్లాస్' అని బోర్డు పెట్టి ఫీజు పెంచుతున్నాయి. ఆ బోర్డు చూసి మురిసే తల్లిదండ్రులు, అక్కడ ఆడుకోవడానికి జాగా ఉందా, ఇసుక ఉందా, కథ చెప్పే మనిషి ఉందా అని అడగడం లేదు.

నాలుగవ ప్రశ్న వివరాలు. కేంద్రంలోని అదే ఫోన్ ఆధార్ సంఖ్యను, తల్లి ముఖచిత్రాన్ని కూడా తీసుకుంటున్నది. ఇంటికి తీసుకువెళ్ళే పోషకాహారం ఇవ్వడానికి ముఖ గుర్తింపు పద్ధతిని 2025లో దేశమంతటా అమలులోకి తెచ్చారు. దొంగ లెక్కలు అరికట్టడం మంచిదే. కాని 2013 నాటి ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు పోషకాహారాన్ని హక్కుగా ఇచ్చింది. సిగ్నల్ లేదని, ముఖం సరిపోలలేదని ఆ హక్కు ఆగిపోకూడదు. అలాంటప్పుడు రిజిస్టరులో సంతకంతో ఇచ్చే ఏర్పాటు రాతపూర్వకంగా ఉండాలి. నిఖాబ్ ధరించే తల్లులకు ఆడ టీచరు ముందు, గది లోపల ముఖం చూపడానికి అభ్యంతరం ఉండదు. వీధి గుమ్మం ముందు వరుసలో నిలబెట్టి ఫొటో తీయడమే బాధ. తలుపు వేసి తీయండి అన్నది పైసా ఖర్చు లేని మర్యాద. ఇక పిల్లల వివరాలకు వస్తే, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలంటున్నది. ప్రభుత్వ పథకాలకు అందులో మినహాయింపులు ఉన్నా, ప్రైవేటు ప్లే స్కూలు యాప్‌లో మీ బిడ్డ ఫొటో పెట్టే ముందు మిమ్మల్ని అడగవలసిందే. ఏ వివరం, ఎందుకు, ఎంతకాలం ఉంచుతారు అని అడగడానికి వెనుకాడకండి.

ఐదవ ప్రశ్న నిర్వహణ. ప్రభుత్వ కార్యాలయాల్లో బీరువాల మధ్య జీవితం గడిపినవారికి ఈ సంగతి బాగా తెలుసు. వస్తువు కొనడానికి పద్దు దొరుకుతుంది, దానిని బాగుచేయడానికి దొరకదు. కొన్న ఏడాది ఫొటో తీస్తారు, మూడవ ఏడాది గుడ్డ కప్పుతారు, ఐదవ ఏడాది స్టాకు రిజిస్టరులో మాత్రమే మిగులుతుంది. కరెంటు బిల్లు ఎవరు కడతారు, అద్దె గదిలో ఉన్న కేంద్రం మారితే టీవీ ఎవరు దింపుతారు, పాడైతే ఎన్ని రోజుల్లో ఎవరు వస్తారు అన్న మూడు మాటలు మంజూరు ఉత్తర్వులోనే ఉండాలి. లేకపోతే ఆ డబ్బుతో చెక్క బొమ్మలు, పలకలు, బొమ్మల పుస్తకాలు కొనడమే మేలు. అవి కరెంటు పోయినా పనిచేస్తాయి.

మరి మనం చేయవలసినది ఏమిటి? నిందించి ఊరుకుంటే బిడ్డకు ఒరిగేది లేదు. ప్రతి కేంద్రంలో నెలకొకసారి తల్లులను పిలిచి పూర్వ ప్రాథమిక విద్యా దినం జరపాలన్న నియమం ఉంది. కేంద్రం స్థాయిలో పర్యవేక్షణ కమిటీ కూడా ఉండాలి. ఆ రోజున మన తల్లులు వెళ్ళాలి. వంట, కుట్టుపని ఆపుకుని ఒక గంట వెళ్ళాలి. పైన చెప్పిన ఐదు ప్రశ్నలు మర్యాదగా అడగాలి. సమాధానం దొరక్కపోతే సూపర్‌వైజరుకు, ఆ తర్వాత సీడీపీఓకు రాతపూర్వకంగా ఇవ్వాలి. మీ ప్రాజెక్టులో ఎన్ని కేంద్రాలకు టీవీలు వచ్చాయి, అందులో ఉర్దూ పాఠాలు ఎన్ని, ఉర్దూ తెలిసిన టీచర్లు ఎందరు అని సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. మస్జిద్ కమిటీలు జుమా తర్వాత ఐదు నిమిషాలు ఈ విషయం చెప్పి, అర్జీ రాయలేని వారికి రాసిపెట్టాలి. ఇందులో హిందూ, క్రైస్తవ ఇరుగుపొరుగు తల్లులను కూడా కలుపుకోవాలి. లంబాడీ తండాలోని బిడ్డకు, గోండు గూడెంలోని బిడ్డకు కూడా ఇదే కష్టం ఉంది. భాష న్యాయం అందరిదీ.

ఇంకొకటి మన చేతిలోనే ఉంది. తెర కన్నా చవకైన సాధనం గొంతు. మన నానీలు, దాదీలు చెప్పే కథలు, పాడే లోరీలు, పొడుపుకథలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఒక్కొక్కటి ఐదు నిమిషాలు చాలు. చిన్న స్పీకరు మీద కేంద్రంలో వినిపించడానికి టీచరమ్మను ఒప్పించండి. అందులో తెరా లేదు, కళ్ళకు శ్రమా లేదు. బిడ్డ కళ్ళు మూసుకుని తన ఇంటి మాటను బడిలో వింటాడు. నానీని స్వయంగా నెలకొక రోజు కేంద్రానికి తీసుకువెళ్ళగలిగితే అంతకన్నా కావలసినది లేదు. సాంకేతికత అంటే కొత్తగా కొన్నదే కానవసరం లేదు, ఉన్నదాన్ని తెలివిగా వాడుకోవడం కూడా.

దైవప్రవక్త (స) పై దిగిన తొలి వహీ చదువును, కలాన్ని గురించినదే. ఆనాటి సాధనం కలం. సాధనాన్ని మనం ఎన్నడూ కాదనలేదు. సాధనం మనిషి చేతిలో ఉండాలి, మనిషి సాధనం చేతిలో ఉండకూడదన్నదే మన వాదన.

వచ్చే నెల మళ్ళీ ఆ కేంద్రానికి వెళ్ళాలని ఉంది. గోడ మీద టీవీ ఉండనీయండి. కుందేలు మళ్ళీ రానీయండి. ఆ పాప లేచి "ఖర్‌గోష్" అంటే, టీచరమ్మ ఫోన్ పక్కన పెట్టి, "అవును బేటా, ఖర్‌గోష్. తెలుగులో కుందేలు అంటాం. ఏదీ, అందరూ రెండూ అనండి" అనాలి. ఆ రోజున గదిలోని ఇరవైమంది పిల్లలకూ ఒక మాట ఎక్కువ వస్తుంది. ఎవరికీ ఒక మాట తగ్గదు. ఇన్షా అల్లాహ్, ఆ రోజు కోసం మనమందరం ఒక అడుగు వేద్దాం.